శాంపిల్‌కి దారిలో ఏం తగిలింది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం ఒకే గొడవ మీద ఉన్నాయి. గాలి తగిలితే పాడైపోయే పదార్థాన్ని ఒక యంత్రం దగ్గర్నుంచి ఇంకో యంత్రం దగ్గరికి, ఉన్నది ఉన్నట్టు ఎట్లా చేర్చడం అని. తిరుపతి చుట్టూ పరిశోధన చేసే చోట్లు పెరిగాయి, అన్ని మిషన్లూ ఒకే కప్పు కింద ఎక్కడా ఉండవు, అందుకని పిల్లలు సీసాలు బ్యాగుల్లో వేసుకుని ఏర్పేడుకీ ఊళ్ళోకీ మధ్య తిరుగుతా ఉన్నారు. ఇన్వర్టర్ బ్యాటరీల గురించి రాసినవాళ్ళు వచ్చే సంచిక దాకా ఆగాలి, ఏమనుకోవద్దు.

ప్రశ్న: సార్, లిథియం బ్యాటరీల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. వాడిన సెల్‌ని మా ఆర్గాన్ గ్లవ్‌బాక్స్‌లో (ఆర్గాన్ వాయువు నింపి, బిగించిన గ్లవ్స్‌లోంచి చేతులు పెట్టి పనిచేసే, గాలి చొరబడని పెట్టె) విప్పి, ఎలక్ట్రోడ్ ముక్కను గాజు వయల్‌లో పెట్టి, మూత చుట్టూ పారాఫిల్మ్ అనే సాగే మైనపు రేకు చుట్టి, జిప్‌లాక్ కవర్లో వేసుకుని, బైక్ మీద ఇరవై కిలోమీటర్ల అవతలున్న ఎక్స్‌పీఎస్ మిషన్ దగ్గరికి తీసుకెళ్ళాను. అక్కడ మూత తీసి స్టబ్ (శాంపిల్ పెట్టే చిన్న లోహపు బిళ్ళ) మీద అంటించి లోపలికి పంపడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. రిజల్ట్‌లో కార్బొనేట్, ఆక్సిజన్ పీకులు కొండల్లా వచ్చాయి. అది బ్యాటరీలో తయారైందా, దారిలో తయారైందా అని మా గైడ్ అడుగుతున్నారు. ఏం చెప్పాలి?
పరిశోధక విద్యార్థి, తిరుపతి

జవాబు: తెలీదని చెప్పు నాయనా. కోప్పడినా అదే నిజం. ఆ డేటా నుంచి దాన్ని విడదీయడం ఇక ఎవరివల్లా కాదు, ఎందుకంటే గాలి తగిలినప్పుడు లిథియం మీద ఏర్పడేవి ఆక్సైడ్, హైడ్రాక్సైడ్, కార్బొనేట్, నువ్వు బ్యాటరీలో వెతుకుతున్న పైపొరలో ఉండగలిగేవి కూడా దాదాపు అవే. దొంగా, ఇంటివాడూ ఒకే చొక్కా వేసుకున్నారు. బయటి నుంచి వచ్చిన మలినం వేరే రకం పదార్థమైతే తీసివేత లెక్క చేసుకోవచ్చు, ఇక్కడ ఆ దారి లేదు.

నువ్వు 'రెండు నిమిషాలు కూడా' అన్నావు చూడు, అసలు కథ అక్కడుంది. ఎక్స్‌పీఎస్ అంటే ఏమిటో తెలియని పాఠకుల కోసం ఒక మాట: ఎక్స్‌రేలు పడేసి పదార్థం పైపొర నుంచి ఎగిరొచ్చే ఎలక్ట్రాన్లను కొలిచే యంత్రం అది, మహా అయితే పది నానోమీటర్ల లోతు వరకే దానికి కనిపిస్తుంది. అంటే నీ ముక్క ఎంత మందం ఉన్నా దాని పైపై తోలు మాత్రమే సాక్ష్యం చెబుతుంది. మామూలు గాలిలో ఒక శుభ్రమైన ఉపరితలాన్ని ఒక పొర నిండా కప్పడానికి సరిపడా అణువులు వచ్చి తగలడానికి పట్టే టైమ్ సుమారు ఒక నానోసెకను, సెకనులో వంద కోట్లో వంతు. తగిలిన ప్రతిదీ అతుక్కోదు, అందులో ఎక్కువ భాగం నైట్రోజనే, ఒప్పుకుంటా. అయినా రెండు నిమిషాల్లో వచ్చి తగిలేవి దాదాపు పది వేల కోట్ల పొరలకు సరిపడా. అందులో పిడికెడు అతుక్కున్నా ఆ పది నానోమీటర్లూ నిండిపోతాయి. పైగా మన ఊరి గాలి. ముప్పై డిగ్రీల ఎండ, అరవై శాతం తేమ ఉన్న రోజున గాలిలో నీటి ఆవిరి సుమారు 25,000 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 25,000 భాగాలు ఉంటుంది. మీ గ్లవ్‌బాక్స్ మీటర్ మీద 0.1 పీపీఎం అని చూసి మురిసిపోతావే, దానికి ఇది రెండున్నర లక్షల రెట్లు.

ఇంకో సంగతి చెబితే నీకు టెన్షన్ పెరుగుతుందేమో గానీ చెప్పాలి. ఆ 0.1 పీపీఎం బాక్స్‌లో కూడా, అప్పుడే గీకిన లోహపు ముఖాన్ని ఒక పొర నీటి అణువులు వచ్చి తగలడానికి సెకనులో వందో వంతు చాలు. పది లక్షల్లో ఒక వంతు టార్ (గాలి ఒత్తిడికి ఒక కొలత) దాకా గాలి లాగేసిన వ్యాక్యూమ్‌లో ఒక సెకను, ఇంకో వెయ్యి రెట్లు లాగితే ఓ పావుగంట దొరుకుతుంది. కాబట్టి 'ఏమీ మారకుండా' అనే మాటకి కొలత లేకుండా అర్థం లేదు. నీ ఎలక్ట్రోడ్ మీద సెల్ నడిచేటప్పుడే పదుల నానోమీటర్ల పొర కట్టి ఉంటుంది, దానికి మంచి ఆర్గాన్ బాక్స్, శాంపిల్‌ని మోయడానికి గాలి చొరబడని ట్రాన్స్‌ఫర్ వెసెల్ అనే డబ్బా సరిపోతాయి. అదే ఒక స్ఫటికాన్ని అప్పటికప్పుడు చీల్చి దాని మొదటి పొరను చూడాలంటే బాక్స్ కూడా పనికిరాదు, సొంత పంపు, బ్యాటరీ ఉండి లోపల వ్యాక్యూమ్‌ని నిలబెట్టుకుంటూ వెళ్ళే వ్యాక్యూమ్ సూట్‌కేస్ కావాలి. ముందు నీది ఏ కేసో తేల్చుకో, డబ్బుల సంగతి తర్వాత.

ఇప్పుడు నీ వయల్ సంగతి. పారాఫిల్మ్ సీలు కాదు, మూత ఊడకుండా పట్టుకునే తాయెత్తు. జిప్‌లాక్ కవర్ దుమ్ము ఆపుతుంది, తేమని ఆపదు. అన్నిటికన్నా మించి, ఏసీ గదిలో మూత పెట్టిన వయల్ మే నెల ఎండలో బైక్ డిక్కీలో కూర్చుంటే లోపలి ఆర్గాన్ వ్యాకోచించి మూత సందుల్లోంచి కాస్త బయటికి పోతుంది, అవతల మళ్ళీ ఏసీ గదిలోకి వెళ్ళగానే ముడుచుకుని బయటి గాలిని లోపలికి పీల్చుకుంటుంది. సీసా ఊపిరి తీస్తుందన్నమాట. నాకు ఇది పుస్తకంలో తెలిసింది కాదు. చాలా ఏళ్ళ కిందట ఇట్లాగే సోడియం ముక్క ఒకటి తీసుకుని జూన్ మధ్యాహ్నం బస్సెక్కాను. వెళ్ళేసరికి వెండిలా ఉండాల్సిన ముక్క మీద సున్నం కొట్టినట్టు తెల్లటి పొర. మూడు వారాలు ఆర్గాన్ సిలిండర్‌ని తిట్టాను, సప్లయర్‌ని తిట్టాను. చివరికి మూత తిప్పి వెలుతురుకి పట్టి చూస్తే దాని రబ్బరు బిళ్ళకి సూదులు గుచ్చిన బొక్కలు పదకొండు. అంతకుముందు ఎవరో సిరంజితో ద్రావకం తీయడానికి వాడిన మూత అది, కడిగి మళ్ళీ డబ్బాలో పెట్టారు. అప్పట్నుంచి కొత్త మూత తప్ప ముట్టను.

దారిలో మోయడానికి నేను చేసేది ఇది: కొత్త మూతతో వయల్, ఆ వయల్ బాక్స్ లోపలే పౌచ్ సెల్స్‌కి (సంచి ఆకారపు బ్యాటరీలకి) వాడే అల్యూమినియం ల్యామినేట్ సంచిలో పెట్టి వేడి సీలు, ఆ సంచిని గట్టి మూత ఉన్న స్టీల్ డబ్బాలో. ఇంత చేసినా నీకు అసలు తప్పు జరిగేది దారిలో కాదు, అవతలి ఒడ్డున, మూత తీసి స్టబ్ మీద అంటించే ఆ రెండు నిమిషాల్లో. అక్కడ గ్లవ్‌బాక్స్ లేకపోతే ఈ మూడు తొడుగులూ వృథా. అందుకే ట్రాన్స్‌ఫర్ వెసెల్ అనేది ఉంది. స్టబ్‌ని నీ బాక్స్‌లోనే దాంట్లో బిగిస్తావు, యాంటీచాంబర్‌లో (గ్లవ్‌బాక్స్‌కి గుమ్మంలా ఉండే చిన్న గది) గాలి లాగినప్పుడు వెసెల్ లోపల కూడా ఖాళీ అవుతుంది, బయటికి తీశాక గాలే దాని మూతని నొక్కి పట్టుకుంటుంది. పది సెంటీమీటర్ల వెడల్పు మూత మీద గాలి దాదాపు ఎనభై కిలోల బరువుతో కూర్చుంటుంది, చేత్తో పీకినా రాదు. ఎక్స్‌పీఎస్ లోడ్‌లాక్‌లో, అంటే ఆ మిషన్ గుమ్మం గదిలో పెట్టి అక్కడ గాలి లాగేసరికి బయటా లోపలా ఒకటై మూత దానంతట అదే లేస్తుంది. మనిషి చెయ్యి మధ్యలో ఎక్కడా లేదు, దాని అందం అదే.

వెళ్ళే ముందు మిషన్ చూసుకునే ఆయనకి ఫోన్ చేసి వెసెల్ ఉందా అని మాత్రమే అడిగి పెట్టేయకు. ఆ వెసెల్ కొలతలు అడుగు, మీ బాక్స్ యాంటీచాంబర్‌లో పట్టకపోతే మొత్తం ప్లాన్ మొదటి గుమ్మం దగ్గరే ఆగిపోతుంది, ఇది నేను కళ్ళారా చూశాను. శాంపిల్ ఎత్తు ఎంతవరకు ఉండొచ్చో అడుగు. లోడ్‌లాక్‌ని మళ్ళీ వాయువుతో నింపేటప్పుడు నైట్రోజన్ వదులుతారా ఆర్గానా అని అడుగు. వెసెల్‌ని బాక్స్‌లోకి తీసుకునేటప్పుడు యాంటీచాంబర్‌లో మూడుసార్లు గాలి లాగి ఆర్గాన్ నింపాలి, టీ టైమ్ అయిందని ఒకసారితో సరిపెట్టొద్దు.

సరే, ఇవన్నీ చేశావే అనుకో, గైడ్ మళ్ళీ అదే ప్రశ్న వేస్తారు, దారిలో ఏమీ కాలేదని నీకేం తెలుసు అని. దానికి జవాబు నోటితో చెప్పేది కాదు, స్టబ్ మీద ఉండాలి. ఎలక్ట్రోడ్ పక్కనే బాక్స్‌లో అప్పుడే గీకిన కొత్త లిథియం రేకు ముక్క ఒకటి అంటించు. ఇది సాక్షి. దీనికి బ్యాటరీతో సంబంధం లేదు, కాబట్టి దీని మీద కనిపించే ఆక్సిజన్ అంతా బాక్స్‌లోదో దారిలోదో అయి తీరాలి. అదే ఎలక్ట్రోడ్‌లోంచి ఇంకో ముక్క కోసి కావాలనే ఐదు నిమిషాలు గాలిలో పెట్టి విడిగా కొలిపించు. ఈ మూడు స్పెక్ట్రాలు (ఎక్స్‌పీఎస్ ఇచ్చే గ్రాఫ్‌లు) పక్కపక్కన పెడితే గైడ్ కాదు, పేపర్ రివ్యూ చేసేవాళ్ళు కూడా గొంతు తగ్గిస్తారు. మిషన్ టైమ్ మూడింతలు అవుతుంది కదా సార్ అంటావు. అవుతుంది. మొదటిసారి వేస్ట్ చేసిన స్లాట్ కూడా కలిపి లెక్కేసుకో.

ఒకటి మర్చిపోయాను. వ్యాక్యూమ్‌ని కూడా మరీ అమాయకంగా చూడొద్దు. ఎలక్ట్రోడ్ మీద మిగిలిన ద్రావకం అందులో ఎగిరిపోతుంది, కడగకుండా పెడితే ఎలక్ట్రోలైట్ ఉప్పు ఎండి తెల్లగా పొర కడుతుంది, కడిగితే ఆ కడుగులో పైపొరలో కొంత కరిగి పోతుంది. కడిగావా లేదా, దేనితో, ఎంతసేపు అనేది పేపర్‌లో రాయి చాలు. అందరూ ఒకేలా చేయాలని రూలేమీ లేదు, దాచిపెడితేనే తప్పు.

ప్రశ్న: నైట్రోజన్ కూడా దేనితోనూ కలవదు కదా, చవక కూడా. ఆర్గానే ఎందుకు? ఆర్గాన్ గాలికన్నా బరువు కాబట్టి దాంతో నింపిన సీసా మూత కాసేపు తీసినా ఫర్వాలేదని మా సీనియర్ అన్నాడు. ఇంకో ఫ్రెండ్ ద్రవ నైట్రోజన్‌లో ముంచేస్తే ఏ గొడవా లేదంటాడు.
ఎమ్మెస్సీ విద్యార్థిని, చిత్తూరు

జవాబు: లిథియం లోహం గది ఉష్ణోగ్రత దగ్గరే నైట్రోజన్‌తో కలిసి నైట్రైడ్ అవుతుందమ్మా, కాస్త తేమ తోడైతే ఇంకా తొందరగా. సోడియంకి ఆ బాధ లేదు. కాబట్టి లిథియం అయితే ఆర్గాన్, మిగతా చాలావాటికి నైట్రోజన్ చాలు. మీ సీనియర్ చెప్పింది సగం నిజం: ఆర్గాన్ గాలికన్నా 1.4 రెట్లు బరువే, కానీ అది గిన్నెలో నీళ్ళలా అడుగున కదలకుండా కూర్చోదు, వాయువులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, ఫ్యాన్ కింద అయితే మరీ. ఇక ద్రవ నైట్రోజన్ మాట మీ ఫ్రెండ్ ఊరికే అనలేదు. మైనస్ 196 డిగ్రీల దగ్గర చాలా చర్యలు దాదాపు ఆగిపోతాయి, అమెరికాలో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు 2017లో బ్యాటరీలో పెరిగే లిథియం ముళ్ళను ఇట్లాగే గడ్డకట్టించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో పెట్టి వాటి పరమాణువుల వరుసలు చూశారు. కానీ పైకి తీసిన క్షణంలో గాలిలోని తేమంతా దాని మీదే మంచుగా పడుతుంది. ముంచడం తేలిక, చల్లగానే ఉంచుతూ మైక్రోస్కోప్ లోపలికి చేర్చడమే విద్య, దానికి వేరే హోల్డర్ ఉంటుంది. ఇంకొకటి, ఒక లీటరు ద్రవం ఆవిరైతే దాదాపు ఏడు వందల లీటర్ల వాయువు అవుతుంది, అద్దాలు మూసిన కారులో దాన్ని తీసుకెళ్ళే పిచ్చి పని మాత్రం చేయొద్దు.

ప్రశ్న: ఎక్స్‌ఆర్‌డీకి (ఎక్స్‌రేలతో స్ఫటికాల అమరిక చూసే పరీక్ష) కూడా ఇంత హంగామా అవసరమా?
తిరుపతి నుంచి పేరు రాయని పాఠకుడు

జవాబు: అంత వద్దు. ఎక్స్‌ఆర్‌డీ పైపొరని కాదు, మైక్రోమీటర్ల లోతు పదార్థాన్ని చూస్తుంది, పైన నాలుగు నానోమీటర్ల ఆక్సైడ్ దానికి ఆనదు. గుమ్మటం మూత ఉన్న హోల్డర్ దొరికితే మేలు, పొడి అయితే సన్నటి గాజు క్యాపిలరీలో నింపి బాక్స్‌లోనే మూతి మూసేయొచ్చు. చాలామంది కాప్టన్ అనే పలచటి ప్లాస్టిక్ టేపు అంటించి పని కానిస్తారు. గంట స్కాన్‌కి ఫర్వాలేదు, రాత్రంతా పెట్టే స్కాన్‌కి వద్దు, దానిగుండా తేమ మెల్లగా దిగుతుంది. టేపు వల్ల తక్కువ కోణాల దగ్గర ఒక లావు గుబ్బ వస్తుంది, అది చూసి కొత్త పదార్థం కనిపెట్టానని సంబరపడినవాళ్ళు ఉన్నారు. ఖాళీ టేపుని ముందే ఒకసారి స్కాన్ చేసి దాచుకో.

ప్రశ్న: నేను మామిడి పల్ప్ ఫ్యాక్టరీలో పదేళ్ళుగా ఫిల్లింగ్ దగ్గర పని చేస్తున్నాను. మా అమ్మాయి ల్యాబ్‌లో గ్లవ్‌బాక్స్ గురించి చెప్తుంటే 'ఇది మేం చేసే పనే కదా' అన్నాను. నవ్వింది. నేనన్నది తప్పా?
చిత్తూరు

జవాబు: తప్పేం కాదన్నా, మీరే కరెక్టు. చూడనివాళ్ళ కోసం చెబుతాను. తోతాపురి గుజ్జుని వేడి చేసి క్రిములు చంపి, చల్లార్చి, డ్రమ్ములో ఉండే శుభ్రమైన సంచిలోకి నింపుతారు. ఆ సంచి మూతని బయట ఎవరూ తీయరు. ఫిల్లర్ తల కింద బిగించి, చుట్టూ ఆవిరి కొట్టి, ఆ ఆవిరి గదిలోనే మిషన్ మూత పీకుతుంది, నింపుతుంది, మళ్ళీ అక్కడే నొక్కేస్తుంది. రెండొందల కిలోల పైన గుజ్జు, బయటి గాలి ఒక్క సెకను కూడా చూడకుండా ఫ్రిజ్ లేకుండా నెలల తరబడి నిలవుంటుంది. పై జవాబులో ట్రాన్స్‌ఫర్ వెసెల్ మూత లోడ్‌లాక్ లోపలే లేస్తుంది అన్నానే, అచ్చం ఇదే. మూత తెరుచుకునే చోటు శుభ్రంగా ఉండాలి గానీ మూత ఎంత గట్టిదన్నది తర్వాతి మాట.

తేడా ఒక్కటుంది. మీ శత్రువు క్రిమి. దాన్ని ఆవిరితో చంపొచ్చు, చచ్చినది అక్కడే ఉన్నా నష్టం లేదు. మీ అమ్మాయి శత్రువు నీటి అణువు, దాన్ని చంపలేం, బయటికి తోలడమే. మీరు శుభ్రం చేయడానికి వాడే ఆవిరే ఆవిడకి విషం. ఈ మాట చెప్పండి, ఈసారి నవ్వదు. అయినా వానాకాలంలో బెల్లం మండీలో అచ్చులు చెమటపట్టి జారిపోవడం చూసిన ఊరివాళ్ళకి తేమ గురించి ల్యాబ్‌వాళ్ళు కొత్తగా నేర్పేదేముంది.

ప్రశ్న: మా అబ్బాయి ల్యాబ్ మూసేశారని చిన్న సీసా ఒకటి స్టీల్ టిఫిన్ డబ్బాలో పెట్టి ఇంటికి తెచ్చాడు. పొద్దున వేరే చోట టెస్టుకి ఇవ్వాలంట. ముట్టుకోవద్దన్నాడు. నేను ఫ్రిజ్‌లో పెట్టనా అంటే అరిచాడు. అది ప్రమాదమా అండీ?
ఒక తల్లి, రేణిగుంట

జవాబు: అరవడం తప్పు, ఇంటికి తేవడం అంతకన్నా పెద్ద తప్పు. ఏ ల్యాబ్‌లోనైనా ఇలాంటివి రాత్రి ఇంటికి తీసుకెళ్ళడానికి ఒప్పుకోరు, వాడికీ తెలుసు. ఫ్రిజ్ విషయంలో మాత్రం వాడిది కరెక్టే అమ్మా. ఫ్రిజ్‌లోంచి తీసిన చెంబు మీద నీళ్ళు కడతాయి చూడండి, ఆ సీసా మీదా అట్లాగే కడతాయి, మూత సందులో చేరతాయి.

అందులో లిథియమో సోడియమో ఉంటే నీళ్ళు తగలకూడదు. మంట వచ్చినా నీళ్ళు పోయకూడదు, పొడి ఇసుక వేయాలి. సల్ఫైడ్ రకం పొడి అయితే తేమకి కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తుంది, ఆ వాయువు విషం, ఎక్కువైతే ముక్కుకి వాసన తెలియడం కూడా మానేస్తుంది. అందుకని వాసన వస్తే ఎక్కడిదా అని వెతకకుండా కిటికీలు తలుపులు తెరిచి అందరూ బయటికి వచ్చేయండి. మూత తీయకుండా ఉంటే ఒక్క చిన్న వయల్‌తో భయపడేంత ఏమీ లేదు. వంటింటికి దూరంగా, నీళ్ళకి దూరంగా, పిల్లలకి అందని చోట ఉంచి పొద్దున్నే ల్యాబ్‌కి తిరిగి పంపించేయండి. ఆ టిఫిన్ డబ్బాలో మళ్ళీ అన్నం పెట్టొద్దు, వాడికే ఇచ్చేయండి.

ప్రశ్న: చంద్రయాన్-4లో చంద్రుడి మట్టి తెస్తారని మా సార్ చెప్పారు. తెచ్చాక దానికి మన గాలి తగిలితే ఏమవుతుంది?
తొమ్మిదో తరగతి, శ్రీకాళహస్తి

జవాబు: చాలా మంచి ప్రశ్న. పెద్దవాళ్ళ ప్రశ్నలన్నీ నీ ప్రశ్నలోనే ఉన్నాయి. చంద్రుడి మీద మనకున్నట్టు గాలీ, పారే నీళ్ళూ లేవు కాబట్టి అక్కడి దుమ్ము కోట్ల ఏళ్ళుగా ఆక్సిజన్‌ని చూడలేదు. అపోలో వ్యోమగాములు 1969 నుంచి 1972 మధ్య ఆరు విడతల్లో 382 కిలోలు తెచ్చారు. నౌకలోకి వచ్చి హెల్మెట్ తీయగానే ఆ దుమ్ము కాల్చిన మందుగుండు వాసన వేసిందన్నారు, భూమికి చేరాక ఆ వాసన లేదు. రాళ్ళ పెట్టెలకి ఇండియం అనే మెత్తటి లోహంతో సీలు పెట్టారు, మూతలోని కత్తి అంచు అందులో దిగి గాలి పోకుండా చేయాలి. కొన్ని పెట్టెలకి ఆ అంచు దగ్గర చంద్రుడి దుమ్మే అడ్డుపడి సీలు సరిగా పడలేదు. ఇప్పుడు ఆ రాళ్ళలో చాలా భాగం హ్యూస్టన్‌లో నైట్రోజన్ నింపిన బీరువాల్లో ఉన్నాయి, చేతులకి గ్లవ్స్ బాక్స్‌కే బిగించి ఉంటాయి.

జపాన్ వాళ్ళ హయబుసా-2 నౌక 2020 డిసెంబర్‌లో ర్యుగు అనే గ్రహశకలం నుంచి సుమారు 5.4 గ్రాములు తెచ్చింది. చెంచాడు. దాంట్లోంచి ఒక చిన్న రేణువుని ఇంగ్లండ్‌కి నైట్రోజన్ నింపిన డబ్బాలోనే పంపారు. అక్కడ తెరిచి, రెజిన్‌లో బిగించి, నునుపు చేసి మైక్రోస్కోప్ కింద చూస్తే దారాల్లాంటివి కనిపించాయి. కొన్ని రోజులకి చూస్తే ఇంకా పెరిగాయి. ఆకాశం నుంచి వచ్చిన జీవమా? కాదని వాళ్ళు 2024లో రాశారు, అవి మన భూమి సూక్ష్మజీవులే, తెరిచిన తర్వాత ఎక్కాయి. అంత గట్టిగా ఎట్లా చెప్పగలిగారంటే, బయటి గాలిలో పనులు మొదలుపెట్టకముందే ఆ రేణువుని ఎక్స్‌రే స్కాన్ తీసి పెట్టుకున్నారు, అందులో దారాలు లేవు.